బయోస్ రీసెట్ కొట్టే ముందు ఫోటోలు తీయండి

సిస్టమ్ ఆన్ అవ్వట్లేదనో, డిస్‌ప్లే రావట్లేదనో, రోజూ బ్లూ స్క్రీన్ వస్తోందనో ఎవరితోనైనా అని చూడండి. వచ్చే సలహాలు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. బోర్డు మీది బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టు, బయోస్‌లో (ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) డిఫాల్ట్స్ లోడ్ చెయ్, కుదిరితే బయోస్ అప్‌డేట్ కొట్టు, అప్పటికీ కాకపోతే మదర్‌బోర్డ్ పోయినట్టే. బ్యాటరీ తీసినా, డిఫాల్ట్స్ లోడ్ చేసినా బయోస్ సెట్టింగ్స్ మొదటికి వస్తాయి, దాన్నే రీసెట్ అంటారు. చెప్పేవాళ్ళు సాయం చేద్దామనే చెప్తారు, అందులో సందేహం లేదు. కానీ ఈ వరుస తప్పని నేను గట్టిగా నమ్ముతాను. "పోయేదేముంది, ఒకసారి రీసెట్ చేసి చూద్దాం" అంటారు చూడండి, ఇబ్బందంతా అక్కడే ఉంది. పోయేది చాలా ఉంటుంది. కొన్నిసార్లు డేటా కూడా పోతుంది. రీసెట్ నేరుగా డేటాని చెరపదు, ఆ తర్వాత కనిపించే కొత్త ఎర్రర్‌కి భయపడి కొట్టే ఫార్మాట్ చెరుపుతుంది.

చుట్టాలవీ స్నేహితులవీ సిస్టమ్స్ చూసిపెట్టడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. నా దగ్గరికి వచ్చేసరికి చాలావాటికి ఈ రీసెట్ అయిపోయి ఉంటుంది. అసలు సమస్య ఒకటుంటే, దాని మీద రీసెట్ తెచ్చిపెట్టిన సమస్య ఇంకొకటి కూర్చుని ఉంటుంది. ముందు ఏది విప్పాలో తేల్చుకోవడానికే సగం సమయం పోతుంది.

బయోస్ సెట్టింగ్స్ పేజీల్లో ఏముంటుందో ఒకసారి ఆలోచించండి. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో మోటొరోలా గడియారం చిప్పుకి బ్యాటరీ తగిలించి, అందులోని కొద్దిపాటి మెమరీలో టైమూ, ఏ డిస్క్ ఉందీ, ర్యామ్ ఎంతుందీ లాంటి నాలుగు విషయాలు దాచేవారు. అవి చెరిగిపోతే మళ్ళీ ఎక్కించడం పెద్ద పనేం కాదు. ఇప్పటి బోర్డులో అలా కాదు. స్టోరేజ్ ఏ మోడ్‌లో నడవాలి, విండోస్ ఏ పద్ధతిలో బూట్ అవ్వాలి, సెక్యూర్ బూట్ (నమ్మదగిన ప్రోగ్రామ్‌లనే బూట్ అవ్వనిచ్చేది) ఆన్‌లో ఉందా, ర్యామ్ ఎంత వేగంతో ఎన్ని వోల్టుల మీద నడవాలి, ప్రాసెసర్ ఎంత కరెంటు లాగొచ్చు, ఫ్యాన్లు ఎప్పుడు పెరగాలి, వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలా వద్దా, ఇలా వందల కొద్దీ ఉంటాయి. సిస్టమ్ కట్టినవాళ్ళు వాటిలో కొన్నింటిని కావాలనే మార్చి ఉంటారు. ఏవి మార్చారో ఇప్పుడు వాళ్ళకీ గుర్తుండదు.

వీటిలో ఒక్కటి మారినా ఏమవుతుందో చెప్తాను. నాకు తెలిసిన ఒకావిడ దగ్గర రెండు డిస్కుల్ని రెయిడ్‌లో (కలిపి ఒకే డిస్కులా వాడే పద్ధతి) పెట్టి కట్టిన సిస్టమ్ ఉండేది, ఆవిడ పని ఫైళ్ళన్నీ అందులోనే. టైమ్ తప్పుగా చూపిస్తోందని ఎవరో బ్యాటరీ మార్చిపెట్టారు. మార్చడం సరైనదే, ఆ లక్షణానికి అదే వైద్యం. కానీ బ్యాటరీ తీయగానే స్టోరేజ్ మోడ్ రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి (డిస్కుల్ని విడివిడిగా చూసే మామూలు పద్ధతి) మారిపోయింది, విండోస్ లేచే దారిలో బ్లూ స్క్రీన్ పడింది, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైజ్ అని, అంటే విండోస్ ఉన్న డిస్క్ అందట్లేదని. దాన్ని చూసి డిస్క్ పోయిందన్నారు, ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వెయ్యాలన్నారు. డిస్కులకి ఏమీ కాలేదు. బయోస్‌లో మోడ్‌ని మళ్ళీ రెయిడ్‌కి మారిస్తే ఎప్పటిలాగే లేచింది. ఆ రోజు ఆవిడ "సరే కొట్టండి" అని ఉంటే ఆ ఫైళ్ళన్నీ పోయేవి, బ్యాకప్ కూడా లేదు. ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల రావడానికి ఇలాంటివి కళ్ళారా చూడటమే కారణం.

ఇంటెల్ బోర్డుల్లో వీఎండీ అని, ఎస్ఎస్‌డీలని ఇంటెల్ కంట్రోలర్ ద్వారా నడిపించే ఇంకో సెట్టింగ్ ఉంటుంది, అదీ ఇంతే. అది ఆన్‌లో ఉన్నప్పుడు వేసిన విండోస్, ఆఫ్ చేస్తే లేవకపోవచ్చు. పైగా వీఎండీ ఆన్‌లో ఉంచి కొత్తగా విండోస్ వేద్దామని కూర్చుంటే, డ్రైవర్ ఇచ్చేదాకా ఇన్‌స్టాలర్‌కి ఎస్ఎస్‌డీ కనిపించనే కనిపించదు. జనం దాన్ని కూడా డిస్క్ పోవడం కింద రాసేస్తారు. నిజంగానే రెయిడ్ వదిలేసి ఏహెచ్‌సీఐకి మారాలనుకుంటే దానికీ మార్గం ఉంది (ఒక్క డిస్కే ఉన్నప్పుడు మాటిది, రెండింటిని కలిపి కట్టిన రెయిడ్‌ని మాత్రం బ్యాకప్ లేకుండా ముట్టుకోకండి). విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా ముందే పెట్టి, అప్పుడు బయోస్‌లో మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక ఆ సెట్టింగ్ తీసేస్తే చాలు. ఫార్మాట్ అక్కర్లేదు.

పాత విండోస్ ఉన్న సిస్టమ్స్‌లో సీఎస్ఎమ్ (పాత పద్ధతిలో బూట్ అవ్వనిచ్చే సెట్టింగ్) ఇంకో చిక్కు. పాత ఎంబీఆర్ పద్ధతిలో (డిస్కుని భాగాలుగా విడగొట్టే పాత తీరు) వేసిన విండోస్ లేవాలంటే అది ఆన్‌లో ఉండాలి, కొత్త బోర్డులు చాలావరకు దాన్ని ఆఫ్‌లోనే ఉంచుతాయి. రీసెట్ కొట్టగానే సీఎస్ఎమ్ ఆఫ్ అవుతుంది, బూట్ లిస్టులో డిస్క్ మాయమవుతుంది. గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదైతే ఇంకా ఘోరం, సీఎస్ఎమ్ లేకుండా దానికి డిస్‌ప్లేనే రాదు, బయోస్‌లోకి వెళ్ళి తిరిగి ఆన్ చేద్దామన్నా స్క్రీన్ మీద ఏమీ కనపడదు. డిస్కుని డేటా పోకుండా జీపీటీకి (ఎంబీఆర్ స్థానంలో వచ్చిన కొత్త తీరు) మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్‌లోనే ఉంది. కానీ అది సిస్టమ్ బాగున్న రోజున బ్యాకప్ తీసుకుని నిదానంగా చేసుకోవాల్సిన పని, కంగారులో ఉన్నప్పుడు చేసేది కాదు.

ఇక బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్. 2021లో వచ్చిన విండోస్ 11 టీపీఎమ్ (ఇలాంటి తాళాల కీలు దాచే సెక్యూరిటీ చిప్పు) 2.0 ఉండాల్సిందేనంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే చాలా సిస్టమ్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. వాడుతున్నవాళ్ళకి ఆ సంగతి తెలియనే తెలియదు. ఒకరోజు బయోస్ రీసెట్ చేస్తారు, సెక్యూర్ బూట్ ఆఫ్ అవుతుంది, వెంటనే నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అప్పుడు ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుందన్న విషయం తెలియక, ఏ అకౌంటుతో లాగిన్ అయ్యారో గుర్తులేక పడే టెన్షన్ మామూలుది కాదు. ఏఎమ్‌డీ బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ తర్వాతో, ప్రాసెసర్ మార్చాకో ఎఫ్‌టీపీఎమ్‌ని (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎమ్) రీసెట్ చెయ్యాలా, వై ఆర్ ఎన్ అని ఒక ప్రశ్న వస్తుంది. చాలామంది చదవకుండానే వై నొక్కేస్తారు. కీ చేతిలో లేకుండా అక్కడ వై నొక్కకండి, దయచేసి.

ఇదంతా నష్టాల లెక్క. రీసెట్‌ని మొదటి మెట్టుగా ఒప్పుకోకపోవడానికి నా అసలు కారణం వేరే ఉంది. రీసెట్ సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు రాకముందే నేల కడిగేసినట్టు. సిస్టమ్ ఏ సెట్టింగ్స్‌తో ఉన్నప్పుడు క్రాష్ అయిందో తెలియకపోతే, క్రాష్‌లు ఆగిపోయినా ఎందుకు ఆగాయో చెప్పలేం. ఒక్క దెబ్బకి ఇరవై సెట్టింగ్స్ మారాయి, వాటిలో ఒకటి పనిచేసింది, అదేదో తెలియదు. మూణ్ణెల్ల తర్వాత ఎవరో మళ్ళీ ర్యామ్ స్పీడు పెంచుతారు, క్రాష్‌లు తిరిగొస్తాయి, మళ్ళీ రీసెట్. ఈసారి "బోర్డులోనే ఏదో లోపం ఉంది" అని తీర్పు కూడా వచ్చేస్తుంది.

ర్యామ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రీసెట్‌తో బాగైందని జనం అనుకునే కేసుల్లో నేను చూసినంతవరకు ఎక్కువభాగం ర్యామ్ స్పీడు కేసులే. డీడీఆర్4కి జెడెక్ (ర్యామ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణాల్లో 1600 నుంచి 3200 వరకు వేగాలున్నాయి, 1.2 వోల్టుల మీద. బాక్సు మీద 3600 అని పెద్ద అక్షరాలతో ఉన్న ర్యామ్ ఆ వేగంతో నడవాలంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యాలి, అప్పుడు వోల్టేజ్ సాధారణంగా 1.35కి పెరుగుతుంది. డీడీఆర్5లో ఏఎమ్‌డీ 2022లో తెచ్చిన ఎక్స్‌పో కూడా అలాంటిదే. సూటిగా చెప్పాలంటే రెండూ ఓవర్‌క్లాకింగే, అంటే ప్రమాణాన్ని మించిన వేగంతో నడపడమే. ర్యామ్ కంపెనీ తన ర్యామ్ గురించి మాట ఇస్తుంది, మీ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఆ వేగాన్ని తట్టుకుంటుందని మాట ఇవ్వదు. రైజెన్ 7000 ప్రాసెసర్లకి ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పిన వేగం రెండు ర్యామ్‌లు పెడితే 5200, నాలుగు పెడితే 3600 మాత్రమే. 6000 ర్యామ్ రెండు హాయిగా నడుస్తున్నాయి కదా అని అదే మోడల్ ఇంకో రెండు కొని నాలుగు స్లాట్లూ నింపితే సిస్టమ్ లేవకపోవడంలో ఆశ్చర్యం లేదు. అందులో బోర్డు తప్పేమీ లేదు.

అందుకే బ్లూ స్క్రీన్లు వస్తుంటే మొత్తం రీసెట్ చెయ్యకుండా ఎక్స్‌ఎంపీ ఒక్కటి ఆఫ్ చేసి కొన్నాళ్ళు చూడండి. ఒక్కటే మార్చారు కాబట్టి జవాబు ఏదొచ్చినా దానికి విలువ ఉంటుంది. ఆగిపోతే ఆ వేగాన్ని కొంచెం తగ్గించి మళ్ళీ పరీక్షించొచ్చు. ఆగకపోతే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే, "ఒకటే కదా" అని వదిలెయ్యడానికి లేదు, ఆ ఒక్క తప్పు బిట్టు మీ ఫైల్లోకి ఎప్పుడు వెళ్తుందో మీకు తెలియదు. ఎర్రర్ వస్తే ర్యామ్‌లు ఒక్కొక్కటిగా ఒకే స్లాట్‌లో పెట్టి చూడండి, తర్వాత బాగున్న ర్యామ్‌నే స్లాట్లు మార్చి చూడండి. తప్పు ర్యామ్‌దా స్లాట్‌దా అన్నది అప్పుడే తేలుతుంది. రెండు ర్యామ్‌లున్నవాళ్ళు నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి, బోర్డు మీద మామూలుగా ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. మాన్యువల్‌లో కూడా బొమ్మ గీసి మరీ ఉంటుంది. అయినా ఎంతమంది పక్కపక్క స్లాట్లలో పెడతారో!

డీడీఆర్5 సిస్టమ్స్‌లో రీసెట్ చేసే ఇంకో హాని ఉంది, ఇది చాలామందికి తెలియదు. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో ఎలా మాట్లాడాలో సర్దుకుంటుంది, మెమరీ ట్రైనింగ్ అంటారు. ఆ సమయంలో స్క్రీన్ నల్లగానే ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతుంది. కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ర్యామ్ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. ఆ ఫలితాన్ని దాచుకుని తర్వాతి సార్లు త్వరగా లేస్తుంది. సీమాస్ (బయోస్ సెట్టింగ్స్ దాచే మెమరీ) క్లియర్ చేస్తే ఆ దాచుకున్నది పోయి ట్రైనింగ్ మళ్ళీ మొదటికి వస్తుంది. ఇప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి. డిస్‌ప్లే రాలేదని రీసెట్ చేస్తారు, రీసెట్ వల్ల ట్రైనింగ్ మొదలవుతుంది, అరనిమిషం చూసి ఇంకా రాలేదని పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు, మళ్ళీ రీసెట్. బాగానే ఉన్న సిస్టమ్‌ని పట్టుకుని గంటల తరబడి ఇదే చేస్తూ ఉండొచ్చు. మొదటిసారి పదిహేను నిమిషాలు వదిలెయ్యండి, దాన్ని ముట్టుకోకండి.

డిఫాల్ట్స్ అనగానే అవేవో ప్రాసెసర్ కంపెనీ నిర్ణయించిన సురక్షితమైన విలువలు అన్న నమ్మకం ఒకటుంది. దాన్ని కూడా వదిలించుకోవాలి. అవి బోర్డు తయారుచేసినవాళ్ళు ఎంచుకున్న విలువలు, అంతే. తమ బోర్డు పరీక్షల్లో ఇంకో బోర్డు కంటే రెండు శాతం వేగంగా కనిపించాలని వాళ్ళకీ ఉంటుంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ గుర్తుందా? గేమ్స్ మధ్యలో ఆగిపోవడం, గ్రాఫిక్స్ మెమరీ చాలదని అబద్ధపు ఎర్రర్లు. మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టుకున్నవాళ్ళు ఆ ఎర్రర్ చదివి కార్డునే అనుమానించారు. చాలా బోర్డులు అప్పట్లో పవర్ లిమిట్స్‌ని దాదాపు ఎత్తేసి డిఫాల్ట్స్‌గా ఇచ్చేవి. 2024లో ఇంటెల్ తన సొంత సెట్టింగ్స్ వాడమని బోర్డు కంపెనీలకి చెప్పింది, ఆ తర్వాత ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతోందని ఒప్పుకుని ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని ఏ అప్‌డేటూ బాగుచెయ్యదు, మార్చుకోవాల్సిందే. అలాంటి సిస్టమ్ మీద పాత బయోస్‌లో డిఫాల్ట్స్ లోడ్ చేస్తే ఏమవుతుంది? హాని చేసిన సెట్టింగ్స్‌నే మళ్ళీ ఎక్కించినట్టవుతుంది.

ఏఎమ్‌డీ వైపు కూడా ఇలాంటిది జరిగింది. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్‌ని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి ఇచ్చేది) వాటంతటవే బాగా పెంచేవి. తర్వాతి బయోస్‌లలో దాన్ని 1.3 వోల్టులు దాటకుండా కట్టేశారు.

కాబట్టి బయోస్ అప్‌డేట్ వద్దనడం నా ఉద్దేశం కాదు. పై రెండు సందర్భాల్లో అప్‌డేట్ చెయ్యకపోవడమే తప్పు. కొత్త ప్రాసెసర్‌ని పాత బోర్డు గుర్తించాలన్నా అప్‌డేట్ కావాలి. నేనడిగేది ఒక్కటే: ఎందుకు చేస్తున్నారో చెప్పగలగాలి. మీ బోర్డు పేజీలో ఆ వెర్షన్ కింద రాసినదాన్ని చదివి, అందులో మీ సమస్య ఉందో లేదో చూడండి. మాటిమాటికి క్రాష్ అవుతున్న సిస్టమ్ మీద, ర్యామ్ మీద అనుమానం తీరకుండా, విండోస్ లోపలి నుంచి బయోస్ రాయడం అన్నిటికంటే ప్రమాదం. మధ్యలో ఆగితే బోర్డు లేవదు. బయోస్ చిప్పులో రాత చెడిపోతే ఏమవుతుందో 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ప్రపంచానికంతా చూపించింది, బాగున్న బోర్డులు ఆ ఒక్క రోజులో నిర్జీవమయ్యాయి. ఇప్పుడు చాలా బోర్డుల వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటోంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలుకి మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టి ఆ బటన్ నొక్కితే ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా అప్‌డేట్ అవుతుంది. అవకాశముంటే అదే వాడండి.

మరి రీసెట్ కాకపోతే ముందు ఏం చెయ్యాలి? చూడాలి. నిజంగా చూడాలి, క్యాబినెట్ పక్క తలుపు తీసి. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఆన్ చేయగానే ఒక్కొక్కటి వెలిగి ఆరిపోవాలి. ఏది ఆరకుండా నిలిచిపోయిందో బోర్డు అక్కడ ఆగిందన్నమాట. ఖరీదైన బోర్డుల్లో రెండంకెల కోడ్ చూపించే చిన్న డిస్‌ప్లే ఉంటుంది. పాత బోర్డులైతే బీప్‌లతో చెప్తాయి, దానికి చిన్న స్పీకర్ ముక్క కావాలి, ఈ రోజుల్లో క్యాబినెట్లతో అది రావడం మానేసింది. ఇంత సమాచారం బోర్డే ఇస్తుంటే దాన్ని చూడకుండా బ్యాటరీ మీదికి వెళ్ళడం నాకు అర్థం కాదు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి పవర్ బాగానే ఉందనడం కూడా సరికాదు. 24 పిన్నుల కేబుల్ ఒక్కటి ఉంటే ఫ్యాన్లు తిరుగుతాయి. ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్నుల కేబుల్ వేరు, బోర్డు పై మూలలో ఉంటుంది, అది లేకపోయినా సగమే దిగినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు మానిటర్ కేబుల్‌ని బోర్డు వెనకాల కాదు, కార్డుకే పెట్టాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు, వాటితో బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి ఏమీ రాదు. కొత్త ఎమ్.2 ఎస్ఎస్‌డీ పెట్టాక పాత హార్డ్ డిస్క్ కనిపించడం మానేసిందా? చాలా బోర్డుల్లో ఒక ఎమ్.2 స్లాట్ నిండితే ఒకటి రెండు సాటా పోర్టులు (హార్డ్ డిస్క్ కేబుల్ పెట్టేవి) ఆగిపోతాయి. ఏవి ఆగుతాయో మాన్యువల్‌లో ఉంటుంది, కేబుల్‌ని పక్క పోర్టుకి మారిస్తే సరి. ఇవన్నీ బయోస్ ముట్టుకోకుండా తేలే విషయాలు.

సిస్టమ్ విండోస్ వరకూ వస్తుంటే, విండోస్ రాసిపెట్టుకున్న ఎర్రర్లు చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. కెర్నల్ పవర్ 41 చూసి ఎస్ఎమ్‌పీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై) పోయిందని తేల్చేస్తారు. అది చెప్పేది సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే, కారణం అందులో ఉండదు. దాని పక్కన వీయా లాగర్ ఎంట్రీలు ఉంటే మాత్రం పట్టించుకోవాలి, అవి హార్డ్‌వేరే నేరుగా చేసే ఫిర్యాదులు. డిస్క్ అనుమానమైతే స్మార్ట్ విలువలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) చూడండి, అందులో 199వ నంబరు సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిన డేటా) లెక్క పెరుగుతుంటే ఎక్కువసార్లు కారణం సాటా కేబులే, డిస్క్ కాదు. ఇంకో సంగతి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, కెర్నల్‌ని డిస్కులో దాచి నిద్రపుచ్చుతుంది. "ఆపి మళ్ళీ ఆన్ చేశాను, అలాగే ఉంది" అనేవాళ్ళు ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడాలి.

ఎస్ఎమ్‌పీఎస్‌ని అనుమానించడంలో తప్పు లేదు. లోడ్ పడగానే సిస్టమ్ టక్కున ఆగిపోతే నేను మొదట వేడినీ ఎస్ఎమ్‌పీఎస్‌నీ చూస్తాను, బోర్డుని కాదు. 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉండాలన్నది పవర్ సప్లైలకి చాలాకాలంగా ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం. మల్టీమీటర్‌తో ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, గేమ్ నడుస్తున్నప్పుడు పడిపోతుందా అన్నదే ప్రశ్న. పిన్నుతో షార్ట్ చేసి ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్ఎమ్‌పీఎస్ మంచిదనడం కూడా ఇలాంటిదే, ఆన్ అవుతుందని మాత్రమే తెలుస్తుంది. ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఎస్ఎమ్‌పీఎస్ డబ్బా విప్పకండి. లోపలి కెపాసిటర్లలో కరెంటు ప్లగ్ తీశాక కూడా ఉంటుంది, ప్రాణానికే ప్రమాదం. అనుమానం ఉంటే ఇంకొకటి తెచ్చి పెట్టి చూడటమే.

రీసెట్ సరైన పని అయ్యే సందర్భాలూ ఉన్నాయి. వోల్టేజో ర్యామ్ టైమింగ్సో మార్చాక సిస్టమ్ అసలు లేవకపోతే సీమాస్ క్లియర్ చెయ్యడమే దారి. ప్రాసెసర్ మార్చినప్పుడు చెయ్యడం మంచిది. బ్యాటరీ అయిపోతే ఎలాగూ మార్చాలి. సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ళ అది, కొన్నేళ్ళు వస్తుంది. అది అయిపోతున్నదానికి మొదటి గుర్తు ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ టైమ్ వెనక్కి పోవడం, దాంతో బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ తప్పని గోల.

బయోస్‌లోకి వెళ్ళగలుగుతుంటే రీసెట్‌కి ముందు ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీయండి. చాలా బోర్డుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి ఎఫ్12 నొక్కితే స్క్రీన్‌షాట్ అందులో పడుతుంది. ప్రొఫైల్‌గా సేవ్ చేసుకునే వీలుంటుంది కానీ దాన్నే నమ్ముకోవద్దు, బయోస్ వెర్షన్ మారితే పాత ప్రొఫైల్ లోడ్ కాకపోవచ్చు. స్టోరేజ్ మోడ్, సీఎస్ఎమ్, సెక్యూర్ బూట్, టీపీఎమ్, ఈ నాలుగింటి ఫోటోలు తప్పనిసరి. తర్వాత బిట్‌లాకర్ కీ ఎక్కడుందో చూసుకుని కాగితం మీద రాసుకోండి. అప్పుడు ప్లగ్ పీకి, పవర్ బటన్‌ని కాసేపు నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, మాన్యువల్‌లో చూపించిన జంపర్‌తో (బోర్డు మీది చిన్న పిన్నుల జత) క్లియర్ చెయ్యండి. లేచాక విండోస్‌లోకి పోనివ్వకుండా నేరుగా బయోస్‌లోకి వెళ్ళి ఆ నాలుగూ ముందు సరిచెయ్యండి. మిగతావి తర్వాత, ఒక్కొక్కటిగా, మధ్యలో ఒకరోజు వాడి చూస్తూ.

సలహాలిచ్చేవాళ్ళని కూడా ఒకటి అడగాలనుంది. "రీసెట్ చెయ్" అనే ముందు ఏ లైటు వెలుగుతోంది, ఈ మధ్య ఏం మార్చారు, ఫైళ్ళకి బ్యాకప్ ఉందా అని అడగండి. అవతలివాళ్ళు భయంలో ఉంటారు, మీరు ఏం చెప్తే అది చేసేస్తారు. ఆ నమ్మకాన్ని జాగ్రత్తగా వాడాలి.

బోర్డు నిజంగానే పోతుంది, పోదని నేననను. కెపాసిటర్లు ఉబ్బి పైకి లేచాయేమో చూడండి, 2000ల మొదట్లో వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల అది పెద్ద బెడద అయింది. సాకెట్‌లో పిన్నులు వంగి ఉంటే ఒక ర్యామ్ ఛానెల్ మొత్తం పనిచెయ్యకపోవచ్చు, అది చూడ్డానికి అచ్చం ర్యామ్ పోయినట్టే ఉంటుంది. క్యాబినెట్‌లో అక్కర్లేని చోట ఒక స్టాండాఫ్ (బోర్డుని ఎత్తిపట్టే చిన్న లోహపు దిమ్మ) మిగిలిపోయి బోర్డు వెనక తగులుతుంటే షార్ట్ అవుతుంది, అందుకే బోర్డుని బయటికి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, ఎస్ఎమ్‌పీఎస్ మాత్రం తగిలించి చూడాలి (ఎఫ్ ప్రాసెసర్ అయితే గ్రాఫిక్స్ కార్డు కూడా). బాగుందని తెలిసిన ర్యామ్, బాగుందని తెలిసిన ఎస్ఎమ్‌పీఎస్ పెట్టి, ఆ కొద్దిపాటి సరంజామాతో కూడా లేవకపోతే మిగిలేవి ప్రాసెసరూ బోర్డూ. ఆ ప్రాసెసర్ ఇంకో బోర్డులో లేస్తే బోర్డు పోయిందని అప్పుడు అనొచ్చు.

వారంటీకి పంపేటప్పుడు సాకెట్ మీద ప్లాస్టిక్ మూత పెట్టి పంపండి, దారిలో పిన్నులు వంగితే మీరే వంచారంటారు. పంపే ముందే సాకెట్‌కి దగ్గర నుంచి స్పష్టంగా ఫోటోలు తీసి పెట్టుకోండి. మారి వచ్చిన బోర్డులో బయోస్ వెర్షన్ వేరే ఉండొచ్చు, సెట్టింగ్స్ అన్నీ ఫ్యాక్టరీవే ఉంటాయి, టీపీఎమ్ సంగతి కూడా మొదటికి వస్తుంది. డిస్క్ పెట్టగానే బిట్‌లాకర్ ఆ 48 అంకెలు అడగడం దాదాపు ఖాయం కాబట్టి, కాగితం దగ్గర పెట్టుకునే ఆన్ చెయ్యండి.